దొర అడిగిన గుర్రం, అత్త అడిగిన మనిషి

ఇంగ్లండులో అచ్చయిన ఒక పుస్తకంలో నా పేరుంది. ఈ మాటంటే మా ఇంట్లోవాళ్ళే నమ్మరు, నమ్మకపోతే వాళ్ళ ఖర్మ. అది ఒక బ్రిటిషు గుర్రపు దళం చరిత్ర. దిండంత పుస్తకం. నేనా, జన్మలో గుర్రం ఎక్కినవాణ్ణి కాను. జట్కా ఎక్కితేనే నడుం పట్టేసేది. అలాంటివాణ్ణి గుర్రాల చరిత్రలో దూరానంటే దానికి కారణం మా సోంపేట వైపు ఉద్దానంలో పుట్టిన ఒక ఆడగుర్రం, దాన్ని మించిన మొండి మనిషి ఒకావిడ.

పందొమ్మిదివందల యాభైల మాట. టెక్కలిలో ఒక హైస్కూల్లో చరిత్ర, ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. పెళ్ళి కాలేదు, కోపం ఎక్కువ, పైగా నేనొక పరిశోధకుణ్ణని నా మీద నాకే గట్టి నమ్మకం. ఆ రోజుల్లో ఇంగ్లండు నుంచి మా జిల్లాకి ఒక ఉత్తరం వచ్చింది. రాసినాయన రిటైరైన కల్నల్. తన దళం చరిత్ర రాస్తున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ దళం మన దేశం నుంచి ఓడెక్కి అరబ్బుల దేశంలో బస్రా అనే రేవుకి వెళ్ళిందట. వెళ్ళేముందు మా ప్రాంతపు జమీందారు ఒకాయన వాళ్ళకి ఒక ఆడగుర్రాన్ని కానుకగా ఇచ్చాడట. యుద్ధమంతా అది దళాధిపతిని మోసిందట. కాబట్టి దానికి విడిగా ఒక అధ్యాయం పెట్టాలట. గుర్రం పేరు, జమీందారు పేరు నేనిక్కడ రాయను. రాస్తే ఆయన మనవలు నా ఇంటి మీదకి వస్తారు.

ఆ ఉత్తరం నా దగ్గరికి తిన్నగా రాలేదు. పైనున్న ఆఫీసులో ఎవరో గుర్రం అన్న మాట చూసి పశువుల ఆస్పత్రికి పంపారు. ఈ పేరుగల గుర్రం మా ఆస్పత్రిలో వైద్యానికి రాలేదని రాసి వాళ్ళు వెనక్కి పంపారు. తర్వాత ఇంకెవరో చరిత్ర అన్న మాట చూసి మా స్కూలుకి తోశారు. అప్పటికి అసలు ఉత్తరం ఒక పేజీ, దాని మీద అధికార్ల సంతకాలు రెండు పేజీలు. మా హెడ్మాస్టరుగారు ఆ కట్ట నా బల్ల మీద పడేసి, "హిస్టరీ నీదే కదటయ్యా, గుర్రం కూడా నీదే," అన్నారు.

నేను ఎగిరి గంతేశాను. కల్నల్ పద్నాలుగు ప్రశ్నలు వేశాడు. గుర్రం ఎక్కడ పుట్టింది, తల్లి ఎవరు, తండ్రి ఎవరు, చిన్నప్పుడు ఏం తినేది, కరిచేదా, నీళ్ళకి భయపడేదా, ఇలా. రంగు మీద వాళ్ళ దళంలో బతికున్న ముసలివాళ్ళ మధ్య ఇంకా తగాదా నడుస్తోందట, అది తేల్చి పుణ్యం కట్టుకోమన్నాడు. సాయం చేసినవారికి పుస్తకం మొదట్లో కృతజ్ఞతలు ఉంటాయని చివర రాశాడు. నాకు ఆ వాక్యం ఒక్కటే కనిపించింది. నా పేరు ఇంగ్లీషులో ఎలా రాసుకోవాలో వారం రోజులు నోటుబుక్కులో సాధన చేశాను.

మొదట ఎస్టేటులో గుమాస్తాగా చేసిన ఒక ముసలాయన్ని పట్టుకున్నాను. గుర్రం తెల్లదన్నాడు. నాలుగు రోజులాగి మళ్ళీ వెళితే నల్లదన్నాడు. ఎస్టేటు కాగితాలేవయ్యా అంటే, జమీందారీ రద్దయినప్పుడు బండ్లకెత్తి తీసుకుపోయారు, ఎక్కడికో నన్నడక్కు అన్నాడు. కాశీబుగ్గలో బట్టల కొట్టు పెద్దాయన ఎర్రదని ఒట్టేశాడు. పలాస స్టేషన్లో మూటలు మోసే తాత ఒకడు అసలది గుర్రమే కాదు, కంచరగాడిద అన్నాడు. నా తల ప్రాణం తోకకి వచ్చింది.

ఇంతలో నేను గుర్రం ఆచూకీ తీస్తున్నానన్న కబురు నాకంటే ముందు సోంపేట చేరిపోయింది. దసరా సెలవుల్లో నేనక్కడ బస్సు దిగేసరికి పదిమంది నిలబడి ఉన్నారు. అందులో ఒకాయన దండం పెట్టి, "బాబూ, గుర్రాన్ని తిరిగిచ్చెత్తారట గదా?" అన్నాడు.

"ఎవరు చెప్పారయ్యా?"

"జమీందారు బూములు రైతులకొచ్చీసినాయి గదా. గుర్రం గూడా మా రైతులకే రావాల. అర్జీ రాసినాం."

నిజంగానే రాశారు, వేలిముద్రలతో సహా. నలభై ఏళ్ళ కిందటి గుర్రం ఎప్పుడో చచ్చి ఉంటుందయ్యా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "సచ్చిపోనాదని కాయితం ఉన్నాదా?" అని అడిగాడు. నా దగ్గర లేదు. అర్జీ పుచ్చుకుని, మడిచి జేబులో పెట్టుకుని, అక్కడి నుంచి బయటపడ్డాను.

సోంపేటకీ సముద్రానికీ మధ్య, కొబ్బరి తోటల్లో ఉన్న ఒక ఊళ్ళో మా బాబాయి వరసాయన పౌరోహిత్యం చేసేవారు. ఆయన ఇంట్లో దిగాను. కాళ్ళు కడుక్కోకుండానే గుర్రం సంగతి ఎత్తాను. బాబాయి చేతిలోని పంచాంగం మూసేశారు.

"గుర్రం సంగతి తెలిసిన మనిషి ఈ ఊళ్ళోనే ఉందిరా. కాని దాని జోలికి వెళ్ళకు. ఆవిడ సంగతే నా గొంతు మీద కూర్చుంది," అన్నారు.

ఆయన చెప్పింది ఇది. ఆవిణ్ణి ఊరంతా అత్త అనేవారు. ఆవిడ మొగుడు జమీందారు దగ్గర సాయీసు, అంటే గుర్రాన్ని సాకే మనిషి. జమీందారు గుర్రాన్నిస్తే గుర్రంతో పాటు వాడూ బస్రా వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. చచ్చాడన్న కబురూ లేదు, బతికున్నాడన్న కబురూ లేదు. వాళ్ళ కులంలో మారుమనువు ఉంది, అయినా ఆవిడ చేసుకోలేదు. పన్నెండేళ్ళు చూసి, శాస్త్రం ఒప్పుకుంటుంది కదా అని, దర్భలతో మనిషి బొమ్మ చేసి కర్మ జరిపించేద్దామని బాబాయి వెళ్ళారు. అత్త చీపురు తిరగేసింది. కాయితం తీసుకురా పంతులూ, అప్పుడు బొమ్మ సెయ్యి అందట.

అప్పట్నుంచి ఊరికి వచ్చిన చిక్కు ఏమిటంటే, ఆవిడ ముత్తయిదువా కాదా? మా వైపు పెళ్ళంటే ముందు ముత్తయిదువలు చేరి రోట్లో పసుపు కొట్టాలి. అది కొట్టందే పెళ్ళి పనులు మొదలు కావు. ఆ రోకలి అత్త చేతికివ్వచ్చా, ఇవ్వకూడదా? ఉత్తరం వీధివాళ్ళు ఇవ్వచ్చన్నారు. దక్షిణం వీధివాళ్ళు కూడదన్నారు. ఒకేరోజు రెండు పెళ్ళిళ్ళు పడితే అత్త పొద్దున్న ఉత్తరం వీధిలో రోకలి పట్టుకుని పాటెత్తుకునేది, ఎండెక్కాక దక్షిణం వీధిలో ఓ మూల చాప మీద కూర్చునేది. రెండు చోట్లా పుట్టెడు కుంకుమ బొట్టుతోనే. "ముప్పై ఏళ్ళుగా ఏదో ఒకటి తేల్చమని నన్ను పీక్కు తింటున్నార్రా. నేను తేలిస్తే ఏదో ఒక వీధివాళ్ళు నన్ను పిలవడం మానేస్తారు," అన్నారు బాబాయి.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. అత్త తమ్ముడి ఇంటి ముందు కొబ్బరి పీచుతో తాడు పేనుతోంది. అప్పటికి యాభై అయిదేళ్ళుంటాయేమో. పక్కన తమ్ముడి కూతురు పీచు అందిస్తోంది. తల్లి పోతే ఆ పిల్లని పురిట్లోంచీ అత్తే పెంచింది. నేను గుర్రం మాట ఎత్తగానే తాడు వదిలేసింది.

"తెల్లదన్నాడా ఆ గుమస్తా? ఆడెప్పుడైనా దాని కాడికొచ్చినాడేటి? అల్లంత దూరాన నిలబడి వొణికీవోడు. పొగాకు కాడ రంగు బాబూ. ఎండలో ఎర్రగుంటాది, నీడలో నల్లగుంటాది. నొసట సుక్క, ఎనక ఎడం కాలికి తెల్ల పట్టీ."

"మీకింత బాగా గుర్తుందా?"

"ఏల గుర్తుండదు? అది గుర్రం కాదు, నా సవితి. ఆడు నాకాడ కూకుని ఒక్కనాడు నా ఊసు సెప్పినోడు కాదు. అది ఉలవలు తిన్నాదా, అది తుమ్మినాదా, ఇదే ఊసు."

పద్నాలుగు ప్రశ్నలకీ రెండు రోజులు జవాబులు చెప్పింది. అడగనివి కూడా చెప్పింది. పలాస స్టేషన్లో గుర్రం రైలుపెట్టె ఎక్కనని మొరాయించిందట. మొగుడు ముందెక్కి పిలిస్తే వెనకే ఎక్కిందట. "రైలు కదిలినాక గూడా గుర్రం మొకమే సూసినాడు గానీ నా మొకం సూడనేదు, సచ్చినోడు," అని, వెంటనే నాలిక కరుచుకుని, ఆ మాట దులిపేస్తున్నట్టు భుజాలు దులుపుకుంది. బస్రా నుంచి వచ్చిన ఒకే ఒక్క ఉత్తరం ట్రంకుపెట్టెలోంచి తీసింది. ఎవరిచేతో రాయించాడు. అందులో ఉన్నది రెండు ముక్కలు: ఇక్కడ మేమిద్దరం క్షేమం. దానికి నీళ్ళు పడటం లేదు.

నాకు నవ్వాగలేదు. అత్త కూడా నవ్వింది. నవ్వుతూనే, "గుర్రం కబురు నాను సెప్పినాను. మడిసి కబురు నువ్వు తెప్పించు. ఆ దొరకి అన్నీ తెలుత్తాయి గదా. బతికున్నాడో, పోనాడో, అక్కడేటైనా పెల్లి సేసుకున్నాడో, ఏదైనా సరే. కాయితం మీద రాయమను," అంది. రాస్తానన్నాను.

ఇక్కడ నేనొక వెధవ పని చేశాను. బాబాయి అరుగు మీద కూర్చుని పన్నెండు పేజీలు ఇంగ్లీషులో రాశాను. నా జీవితంలో అంత మంచి ఇంగ్లీషు మళ్ళీ రాయలేదు. అందులో అత్త ప్రశ్న రాయలేదు. మరిచిపోయి కాదు. పెద్ద పరిశోధన మధ్యలో ఓ పల్లెటూరి ఆవిడ మొగుడి గోల పెడితే దొర నన్ను చిన్నచూపు చూస్తాడనిపించింది. మర్నాడు అత్త చదివించుకుంది. అంతా విని, "నా మాట ఏది? నా ఏలెట్టి సూపించు," అంది.

నేను ఆవిడ వేలు పట్టుకుని చివరి పేజీలో తమ విధేయుడు అన్న చోట పెట్టాను.

"ఇంత పొట్టిదేటి బాబూ?"

"ఇంగ్లీషులో అంతేనమ్మా. పొట్టిగా ఉంటుంది."

ఆవిడ ఆ మాట మీద వేలితో రెండుసార్లు నిమిరింది. తర్వాత లోపలికి వెళ్ళి, దారిలో తినమని కొబ్బరుండలు పొట్లం కట్టి తెచ్చిచ్చింది. పలాస వచ్చేదాకా ఆ పొట్లం నా ఒళ్ళో ఉంది. ఒక్కటీ నోట్లో పెట్టలేదు. పలాస పోస్టాఫీసు బల్ల మీద కవరు చించి, నా సంతకం కింద మిగిలిన చోట ఇరికించి రాశాను: ఈ గుర్రాన్ని సాకిన సాయీసు ఏమయ్యాడో దయచేసి తెలియజేయండి, అతని భార్య ఎదురు చూస్తోంది. కొత్త కవరు కొని పోస్టు చేశాను. ఆ తర్వాత కొబ్బరుండలు తిన్నాను.

ఓడ ఉత్తరం కదా, నెలలు గడిచాయి. స్కూల్లో హెడ్మాస్టరుగారు రోజూ, "ఏమయ్యా, నీ గుర్రం ఎంతవరకూ వచ్చింది?" అనేవారు. తొమ్మిదో తరగతిలో నేను బోర్డు వైపు తిరిగితే చాలు, వెనక బెంచీల్లోంచి సకిలింపు వినిపించేది. అక్బరు పాఠం సకిలింపుల మధ్యే పూర్తిచేశాను.

వేసవి సెలవులకి ముందు బాబాయి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. అత్త పెంచిన పిల్లకి సోంపేటలో సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు పెదనాన్న దక్షిణం వీధివాళ్ళని మించినవాడు. మా పిల్లడి పెళ్ళికి అనుమానపు చేతులతో పసుపు కొట్టనివ్వం, అటో ఇటో తేల్చండి అన్నాడట. పెళ్ళి తప్పిపోతుందేమోనని తమ్ముడు ఏడుపు మొగం పెట్టాడట. చివరికి అత్తే నలుగుర్లో చెప్పేసిందట: దొర ఉత్తరం వస్తుంది, అందులో పోయాడని ఉంటే నేను రోలు దగ్గరికి రాను, లేకపోతే మొదటి దెబ్బ నాదే అని. ఆ పిల్ల పసుపు కొట్టడానికి ఆవిడ పద్దెనిమిదేళ్ళుగా కాచుకుని ఉందిరా, ఎలాగైనా ఉత్తరం తెప్పించు అని బాబాయి రాశారు. ఇంగ్లండు నా చేతిలో ఉన్నట్టు!

ముహూర్తం ఇంకా నాలుగు రోజులుందనగా ఉత్తరం వచ్చింది. మా స్కూలు మెట్ల మీదే చదివేశాను. మూడు పేజీలు గుర్రమే. నేను పంపిన రంగు చదివి వాళ్ళ ముసలివాళ్ళు ఇరుపక్షాలూ తామే గెలిచామని పండగ చేసుకున్నారట. గుర్రానికి మెడ మీద గాయమైందట, మానిందట, యుద్ధం ముగిశాక చాలా ఏళ్ళు బతికిందట. చచ్చాక దాని గిట్టకి వెండి తొడుగు వేయించి దళం భోజనాల బల్ల మీద పెట్టుకున్నారట. నా సహాయం అమూల్యమట, నా పేరు మొదటి పేజీలోనే వేస్తారట. అడుగున, నేను ఇరికించి రాసిన ప్రశ్నకి జవాబు: నౌకర్ల పేర్ల పట్టీలు మా దగ్గర లేవు, సాయీసు గురించి ఏ సమాచారమూ ఇవ్వలేకపోతున్నందుకు చింతిస్తున్నాను.

హమ్మయ్య, పోయాడని లేదు, అత్త పసుపు కొట్టొచ్చు అనుకుంటూ రైలెక్కాను. రైల్లో నా పేరున్న వాక్యం కోసం మళ్ళీ తీశాను. తీస్తే, రెండో పేజీ మధ్యలో గుర్రం ఆరోగ్యం గురించిన పేరా కంటబడింది. దళం పశువైద్యుడి డైరీలోంచి కల్నల్ ఎత్తి రాసిన ముక్క అది. ‘దీన్ని సాకుతున్న నేటివు సాయీసు కలరాతో పోయాక ఈ గుర్రం నాలుగు రోజులు మేత ముట్టలేదు. బాగా చిక్కిపోయింది. మళ్ళీ మామూలు కావడానికి నెల పట్టింది.’

అంతే. దొర రెండో పేజీలో తన చేత్తో రాసి, మూడో పేజీలో తెలియదన్నాడు. ఆయన గుర్రం కోసం చదువుకున్నాడు, మనిషిని చూడలేదు. ఆయన్ని తిడదామని నోరు తెరిచాను. నేను మాత్రం మొదటిసారి చూశానా? నా పేరు కోసం చదువుకున్నాను. పలాసలో దిగి, ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని సోంపేట బస్సెక్కాను.

ఊళ్ళోకి వెళ్ళేసరికి అత్త ఇంటి ముందు పందిరి వేశారు. రోలు కడిగి పసుపు రాసి పెట్టారు. పెళ్ళికొడుకు పెదనాన్న సోంపేట నుంచి మనుషులతో దిగి, పందిట్లో మంచం మీద కూర్చున్నాడు. నన్ను చూడగానే ఊరు ఊరంతా లేచింది. అత్త వచ్చి నా చెయ్యి పట్టుకుని, "ముందల నాకు సదవాల. నా మొగుడు గదా," అని పెరట్లోకి తీసుకుపోయింది. జీడిమామిడి చెట్టు కింద కూర్చున్నాం. అబద్ధం చెబుదామనే వచ్చాను. ఆవిడ మొహం చూసి చెప్పలేకపోయాను. ఆ పేరా తెలుగు చేసి చదివాను.

ఆవిడ ఏడవలేదు. "ఏ రోగం అన్నావు?" అంది. కలరా అన్నాను. "ఎన్నాళ్ళు తిననేదు అది?"

"నాలుగు రోజులమ్మా."

"నాలుగు దినాలు." వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. "నాకన్నా ముందు అది ఏడ్సినాది బాబూ. ఆ పొద్దు నాను ఏటి తిన్నానో, ఎవులితో నవ్వినానో. నాకు తెల్దు గదా." కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది. "ఈ ఉత్తరం ఊరికి సదివినావా?"

"లేదు."

"అయితే గుంటని అత్తోరింటికి అంపినాక సదువు. నలబయ్యేళ్ళ కిందట పోనోడు ఇంకో నాలుగు దినాలు ఆగలేడేటి?"

పందిట్లో పెదనాన్న మీసం దువ్వుతూ, "ఏటి మేస్టారూ, తేలినాదా?" అన్నాడు. నేను మూడో పేజీ తీసి గట్టిగా చదివాను. సాయీసు గురించి ఏ సమాచారమూ ఇవ్వలేకపోతున్నాం అని దొర రాశాడన్నాను. చరిత్ర చెప్పేవాణ్ణి, అబద్ధం ఆడలేదు. పేజీ ఎంచుకున్నాను. ఉత్తరం వీధివాళ్ళు చప్పట్లు కొట్టారు. పెదనాన్న మూడో పేజీ పుచ్చుకుని తిరగేసి మరగేసి చూసి, దొర సంతకానికి ఎదురు చెప్పలేక ఊరుకున్నాడు. గుర్రం వెనక్కి రాదా అని ఒకాయన అడిగితే, గిట్ట ఒకటి ఉందట, కావాలంటే అడగనా అన్నాను.

అత్త రోకలి ఎత్తి మొదటి దెబ్బ వేసింది. పాట కూడా తనే ఎత్తుకుంది. అంత గట్టిగా ఆవిడ ఎప్పుడూ పాడలేదని మా పిన్ని అంది. మధ్యాహ్నం పందిట్లో భోజనాల బంతులు వేశారు. అత్త వడ్డిస్తోంది గాని ఆకు ముందు కూర్చోలేదు. రెండో రోజూ అంతే. మజ్జిగైనా తాగమని ఆ పిల్ల బతిమాలితే, నీ పెళ్ళికి మొక్కుకున్నానే, ఉపవాసం అందట. ఊరంతా ఆహా అంది. పెదనాన్న కూడా ఇలాంటి ముత్తయిదువ చెయ్యి పడాలి అన్నాడు. నాకు మాత్రం తెలుసు. తాళి కట్టే వేళకి అత్త పందిరి గుంజ పట్టుకుని నిలబడింది. నేను పక్కకి పిలిచి, "ఏమిటమ్మా ఇది, పడిపోతారు," అని కోప్పడ్డాను.

"గుర్రం పడిపోనాదేటి?" అంది.

నాలుగో రోజు పొద్దు వాలుతుండగా పిల్లని బండెక్కించారు. అత్త బండి వెంట ఇసకలో కొంతదూరం నడిచి, సోంపేట బాట ఎక్కించి వచ్చింది. తిన్నగా బాబాయి అరుగు దగ్గరికొచ్చి, "ఇప్పుడు సదువు బాబూ," అంది. రెండు వీధులవాళ్ళూ ఉన్నారు. రెండో పేజీ చదివాను. అత్త తనే కొంగుతో బొట్టు తుడుచుకుంది. ముప్పై ఏళ్ళుగా తేల్చు తేల్చు అని బాబాయి ప్రాణం తీసిన దక్షిణం వీధి ఆడవాళ్ళే ముందు భోరుమన్నారు. బాబాయికి మంత్రం ఒక్కటీ నోటికి రాలేదు.

అరుగు కింద చాప వేశారు. తమ్ముడి ఇంట్లోంచి అన్నం తెచ్చి ఆవిడ ముందు పెట్టారు. అత్త ఆ అన్నం వంక చూస్తూ కూర్చుంది. చెయ్యి పెట్టలేదు.

"అయిదో దినాన ఎవులి సేతి మీద తిన్నాదో రాసినాడా దొర?" అని నన్నడిగింది.

"రాయలేదమ్మా."

"ఎవులో ఒకలు బతిమాలే ఉంటారు. ఊరికే తినదు అది."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. చదువుకున్నవాణ్ణి కదా. అరుగు దిగి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. "తినమ్మా," అన్నాను. ఆవిడ కదల్లేదు. మళ్ళీ అన్నాను. మూడోసారి అన్నం ఆవిడ ముందుకి జరిపి, చేతులు జోడించి బతిమాలాను. అప్పుడు ముద్ద కలిపింది.